మోటార్ మెసేజ్‌లో కూర సంగతి రాసిన చిన్నాయన

నిన్న పొద్దున బాపు ఫోన్ చేశాడు. "మీ చిన్నాయన పోయిండు బిడ్డా" అన్నాడు.

ఏ చిన్నాయన అని అడిగాను. నాకు ఉన్నది ఒక్కడే. అయినా అడిగాను.

ముందురోజు సాయంత్రం కూడా బోరు మోటార్‌కు మెసేజ్ పెట్టిన మనిషి. గుండెపోటట. కల్వకుర్తి దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పొలం గెట్టు పంచాయితీలో బాపుకూ నర్సింహ చిన్నాయనకూ ఆరేళ్లుగా మాటల్లేవు. బోరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. "అన్నా" అని ఈయన పిలవడు, "తమ్మీ" అని ఆయన పిలవడు. మధ్యలో వరి ఎండుతోంది.

నేనేమో సాఫ్ట్‌వేర్. స్టార్టర్ డబ్బాలో సిమ్ పెట్టించి చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఎడమ పక్క పేరు, మధ్యలో రెండు చుక్కలు, కుడి పక్క విలువ. "మోటార్: ఆన్" అంటే డబ్బా అర్థం చేసుకుని మోటార్ నడుపుతుంది, అదే మెసేజ్ ఇద్దరి ఫోన్లకూ పంపుతుంది.

ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు. ఇద్దరి పరువూ సేఫ్.

తెలియని పేరు కనిపిస్తే డబ్బా పట్టించుకోదు, కానీ మెసేజ్ ఇద్దరికీ పంపేస్తుంది. చుక్కలే లేకపోతే మాత్రం మెసేజ్ తిప్పి పంపుతుంది. ఈ కిటుకు చిన్నాయన వారంలోనే కనిపెట్టాడు.

మోటార్: ఆన్
పొలం: కింది మడి
కూర: చింతచిగురు మటన్
దగ్గు: తగ్గిందా

దగ్గు బాపుది. బాపు గంటసేపు ఫోన్ పట్టుకుని కూర్చుని "దగ్గు: తగ్గలే" అని కొట్టాడు.

ఇంకోసారి చిన్నాయన "మోటార్: వదిన బట్టలు పిండినంక బంద్" అని పెట్టాడు. డబ్బాకు ఏమీ అర్థం కాలేదు. మోటార్ మధ్యాహ్నం దాకా నడిచి, నీళ్లు పొర్లి బాపు ఆరబోసిన పల్లికాయ మొత్తం తడిసింది.

చిన్నాయన తిట్లు నాకు. "ఏం చదువు చదివినవ్ బిడ్డా? నీ డబ్బాకు వదిన అంటే గూడ తెల్వదా!"

బాపు మాత్రం "వదిన" అని రాసిన ఆ మెసేజ్‌ను అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాడు.

మొన్న సాయంత్రం వచ్చిన ఆఖరి మెసేజ్:

మోటార్: బంద్
అన్న: తిన్నవా

ఆరేళ్లలో ఆ మాట రాయడం అదే మొదలు. బాపు జవాబు ఇవ్వలేదు. "జర ఆగనీ, రేపు చెప్త" అన్నాడట అమ్మతో.

ఈ రోజు పొద్దున బాపు బోరు దగ్గర కూర్చుని మెసేజ్ పెట్టాడు. "తిన్న తమ్మీ. నువ్వు తిన్నవా."

చుక్కలు లేవు. డబ్బా తిప్పి పంపింది. "తప్పు మెసేజ్. మళ్లీ పంపండి."

బాపు మళ్లీ పంపాడు. అదే మెసేజ్. నేను పోయి చేయి పట్టుకునేదాకా పంపుతూనే ఉన్నాడు.

ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే చిన్నాయనా. ఈ రోజే మార్చేస్తా. ఇక చుక్కలు లేకపోయినా తీసుకుంటుంది.

పోయిరా. ఫికర్ చేయకు, నీ కింది మడికి బాపు నీళ్లు పెడతాడు. నిమ్మళంగా ఉండు.