ఆ సోదరి పేరేటి?

పంతొమ్మిది వందల అరవైల చివర, నాకు పెళ్లయిన కొత్త. సాలూరు బస్సు గజపతినగరంలో ఆగినప్పుడు ఎండుచేపల గంపతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. గంప మీద గుడ్డలో చుట్టిన బైబిలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. వందనాలు చెప్పి, మా సంఘంలో అందరం పేరు చెప్పకుండా అనే మాటే అన్నాను.

"ఒక సోదరి కోసం ప్రార్థన చెయ్యండమ్మా. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోవడం లేదు."

"ఆ సోదరి పేరేటి?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె పకపకా నవ్వింది.

"మా భావనపాడులో నానైతే లెగిసి సెప్పేస్తానమ్మా, మా ఆయనా నానూ దెబ్బలాడుకున్నాం, పార్దన సెయ్యండని. పార్దన కూడికయ్యాక ఆడోలంతా మా ఇంటికొచ్చి, మా ఇద్దరినీ ఒకే కంచం ముందు కూకోబెడతారు. పేరు సెప్పకపోతే ఎవులింటికొస్తారు?"

నా పేరు అడిగి, చేపల వాసన చెయ్యి నా తల మీద పెట్టి, బస్సంతా వినేలా ప్రార్థించింది. కండక్టరు కూడా ఆమెన్ అన్నాడు.

ఆ ఆదివారం మా మందిరంలో లేచి, "ఆ సోదరిని నేనే," అన్నాను. ముందు వరసలోంచి పాస్టరుగారి భార్య లేచి, "నాకూ అదే ప్రార్థన," అన్నారు.

పాస్టరుగారు చాలాసేపు బైబిల్లోంచి తలెత్తలేదు.