కట్టెల వెనుక బొమ్మ

మొన్న పోస్టులో ఒక మందపాటి కార్డు వచ్చింది. కురుపాం పైన కొండ మీది దొర బంగళాను ఆర్ట్ గ్యాలరీగా మార్చారట, ప్రారంభానికి నన్ను పిలుస్తున్నారట, కారు కూడా పంపుతారట. రిటైరైన పంతులమ్మకు కారు పంపేవాళ్లంటే నాకు అనుమానమే. కార్డు తిప్పి చూద్దును కదా, దాని మీద అచ్చువేసిన బొమ్మ మా వంటింటి గోడ మీదిది, మా తమ్ముడిది.

నా ఈడువాళ్లకు ఆ బంగళా గుర్తుండే ఉంటుంది, ఎత్తు అరుగులూ, ఎర్ర పెంకులూ, ఏడాదికి నెల్లాళ్లు కూడా పని ఉండని పొగగొట్టమూ. దొర ఇంగ్లండు వెళ్లిపోయాక కూడా మా నాన్న, వచ్చిపోయే ఆఫీసర్లకు కోడికూర వండుతూ, అక్కడే వంటవాడిగా మిగిలాడు. బంగళా వెనుక విడిగా ఉన్న వంటింట్లోనే మా కాపురం. నాన్న మిషను చర్చిలో బాప్తిస్మం పుచ్చుకున్న సవర. అమ్మ కూడా ఆయన వెంట వెళ్లి పుచ్చుకుంది గాని, ఆవిడ సగం మనసు పుట్టింటి దేవతల దగ్గరే ఉండిపోయిందని నాన్న అనుమానం. ప్రార్థనలో కళ్లు మూసుకున్నట్టే మూసుకుని ఆవిడను ఓరకంట కనిపెడుతుండేవాడు. ఆ గుణమే నాకూ వచ్చింది.

తమ్ముడు రెండేళ్లకే జ్వరంతో పోయాడు. నాన్న శిలువ పాతి ప్రార్థన చేయించాడు. ఆయన సామాన్ల కోసం పార్వతీపురం వెళ్లిన రోజు చూసి, అమ్మ పుట్టింటి ఊరినుంచి బొమ్మలు వేసే తాతను రప్పించింది. మా సవరల్లో అలాంటి బొమ్మ అందానికి వేసేది కాదు, పోయినవాళ్లు దిక్కులేక తిరగకుండా వచ్చి ఉండే ఇల్లు అది. ఎర్రమట్టి అలికిన గోడ మీద తాత బియ్యప్పిండి నీళ్లలో వెదురుపుల్ల ముంచి ఇల్లు గీశాడు, చుట్టూ మనుషుల్ని గీశాడు, అమ్మ అడిగిందని ఒక గుర్రాన్నీ, దాని మీద మా తమ్ముణ్ణీ గీశాడు. సాయంత్రానికల్లా అమ్మా నేనూ దాని ముందు ఎండుకట్టెలు నిలువెత్తున పేర్చేశాం. కొత్త సామలు ఇంటికొచ్చిన ప్రతిసారీ అమ్మ మొదటి పిడికెడు ఆ కట్టెల సందులోంచి లోపల పెట్టేది, ఆ తర్వాతే మాకు అన్నం. నాన్న వస్తాడేమోనని నేను గుమ్మంలో కాపలా. అమ్మ పోయాక నేను ఉద్యోగమంటూ ఊళ్లు తిరిగి ఆ పిడికెడూ పెట్టలేదు. తప్పు నాదే.

కారెక్కి వెళ్లాను. దొర భోజనాల గదిలో సున్నం కొట్టి చిత్రాలు తగిలించారు. వంటిల్లు బాగుచేస్తూ పాత కట్టెలు తీస్తే మా బొమ్మ బయటపడిందట. దానికి అద్దం బిగించి, పైన లైటు పెట్టి, కింద గిరిజనుల పెళ్లి ఊరేగింపు అని చీటీ అంటించారు. గ్యాలరీ చూసుకునే అమ్మాయి నవ్వుతూ ఒక కాగితం నా ముందు పెట్టింది. బొమ్మ ఉన్నంతమేరా గోడను కోసి పట్నంలో ప్రదర్శనకు తీసుకెళతారట, ఆ వంటింట్లో కాపురమున్న కుటుంబం తరఫున నా సంతకం కావాలట. కారు ఎందుకు పంపారో అప్పుడు తెలిసింది. పట్నంలో దీని ముందు కొత్త సామలు ఎవరు పెడతారని అడిగాను. పురుగులు పడతాయి, తినేవేవీ పెట్టనివ్వం అంది. కాగితం మడిచి వెనక్కి ఇచ్చేశాను. సంతకం లేకపోతే కోయరన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

ఆ అమ్మాయి అటు వెళ్లగానే సంచిలోంచి సామల పొట్లం తీశాను. గుమ్మంలో ఉన్న వాచ్‌మన్, మా వైపు ముసలాయనే, నన్నే చూస్తున్నాడు. పట్టిస్తాడనుకున్నాను.

"బేగి ఎట్టీయండమ్మా, నాను సూడనేదు," అని అటు తిరిగి నిలబడ్డాడు.

గోడ వార పిడికెడు సామలు పెట్టి లేచి, ఆ వీపు చూసేసరికి నాన్న గుర్తొచ్చాడు. వానాకాలంలో బయటి తడికట్టెలు తెచ్చుకుని, పొగకు కళ్ల నీళ్లు కారుతుంటే పొయ్యి ఊదుకునేవాడే గాని, చేతికందే దూరంలో ఉన్న ఆ ఎండుకట్టెల్లోంచి ఒక్కటంటే ఒక్కటి ఏనాడూ తీయలేదు. అన్నీ కనిపెట్టే మనిషికి అది తెలియకపోవడమేమిటి! గుమ్మంలో కాపలా కాసిన నాకు ఆ సంగతి తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

ఇప్పుడు ఆ గోడ ముందు కట్టెల్లేవు, తెలిసీ ఊరుకునే నాన్నా లేడు. వచ్చినవాళ్లంతా లైటు వెలుతురులో ఫోటోలు తీసుకుంటున్నారు. మా తమ్ముడేమో ఎవరి పెళ్లిలోనో గుర్రమెక్కి ఊరేగుతున్నాడు.