మా ఇంటి రాగితీగకు మూడో కొమ్మ

మా గల్లీలో వినాయకుడు ట్యాంక్‌బండ్‌కు బయలుదేరాడంటే ముందుగా పోయేది ఇంటర్నెట్. విగ్రహం ఏటా ఒక అడుగు పెరుగుతుంది, స్తంభాల మీది వైర్లు ఏటా ఒక అడుగు కిందికి జారుతాయి. లారీ మీద ఒకాయన పొడుగాటి కర్రతో వైర్లను పైకెత్తుతూ వస్తాడు. మా ఇంటి ముందుకొచ్చేసరికి ఆయన చేతులు నొప్పి పుడతాయో ఏమో, తెగేది మాత్రం మా వైరే. విఘ్నాలు తొలగించే దేవుడివి, పోతూ పోతూ నాకే ఎందుకు విఘ్నం పెడతావని ఏటా ఆయనతో తగవు పెట్టుకునేదాన్ని. ఆయన నవ్వు ముఖం మార్చుకోకుండా వెళ్లిపోయేవాడు.

ఈసారి తగవుతో సరిపోలేదు. నాది ఇన్సూరెన్స్ క్లెయిముల కాగితాలు సరిచూసే ఉద్యోగం. కొన్నేళ్లుగా ఇంటి నుంచే చేస్తున్నాను. ఇప్పుడు ఆఫీసువాళ్లు అందరినీ వెనక్కి రమ్మన్నారు. ఇంట్లో గట్టి లైను ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. శుక్రవారం మూడు గంటలకు వాళ్లే అక్కడి నుంచి మా లైను పరీక్షిస్తారు. పాసైతే ఇల్లు, లేకపోతే సోమవారం నుంచి రెండు మెట్రోలు, ఒక షేర్ ఆటో, రానూపోనూ నాలుగు గంటలు.

దూరం ఒక్కటే నా బాధ కాదు. పగలంతా ఇంట్లో నేనూ బాపూ ఇద్దరమే ఉంటాం. అమ్మ పోయి చాలా ఏళ్లయింది, మా ఆయన దుకాణానికి పోతే చీకటి పడ్డాకే వస్తాడు. బాపుకు ఎనభై దగ్గర పడ్డాయి. ప్రభుత్వాఫీసు నుంచి రిటైరయ్యాక చిక్కడపల్లిలో సగం మందికి హోమియో గోళీలు ఉచితంగా పంచుతున్నాడు. పొద్దున్నుంచీ మేం ఏదో ఒకదాని మీద వాదించుకుంటాం, ఒంటిగంటకు కలిసి తింటాం, తిన్నాక మళ్లీ వాదించుకుంటాం. ఆ రోజులంటే నాకు చాలా ఇష్టం. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటాడు.

బుధవారం పొద్దున కొత్త లైను కలపడానికి టెక్నీషియన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, అడిక్‌మెట్‌లో ఉంటాడట, చిన్నప్పటి నుంచీ ఫోను వైర్లు కలిపే పనే. మా పాత ఫోను పెట్టెను చూసి చుట్టాన్ని చూసినంత సంబరపడ్డాడు.

"అక్క, గాజుతీగ, గదే ఫైబర్, మీ గల్లీ మూలకున్న డబ్బా దాక భూమిల నుంచి వస్తది. ఆడికెల్లి మీ పాత ఫోను వైరే. రాగిది. అది గూడ భూమిలనే ఉంది, దేవుడొచ్చినా తెగది" అన్నాడు.

"గా పాత వైరుల ఇప్పటి ఇంటర్నెట్ ఎట్ల ఉరుకుతది అన్నా?"

"ఆఫీసుకు పోతే మీరు ఇంటికెట్ల వస్తరు?"

"మెట్రోల వచ్చి చిక్కడపల్లిల దిగి, ఆటో ఎక్కుత."

"గంతే మరి. గాజుతీగ మెట్రో, రాగితీగ ఆటో. ఆటో దూరం ఎంత తక్కువుంటే గంత జల్ది వస్తరు. మీకు డబ్బా పక్కకే ఉంది."

నాకు వెంటనే అర్థమైంది. ఇంజనీర్లు ఇలా మాట్లాడితే నేనూ ఇంజనీరు అయ్యేదాన్ని.

కానీ లైను కలిపి చూస్తే వేగం వచ్చినట్టే వచ్చి కూలబడింది. ఆయన మీటరు పెట్టి చూశాడు, తల గోక్కున్నాడు, "ఇంట్ల ప్యారలల్ కనెక్షన్లు ఉన్నయా?" అని అడిగాడు. ఆ రోజుల్లో అందరి ఇళ్లలోనూ ఉండేవి. హాల్లో ఉన్న ఫోను వైరుకు పక్కనుంచి ఇంకో వైరు అతికి, వేరే గదిలో రెండో ఫోను పెట్టుకునేవాళ్లం. ఏది ఎత్తినా అదే లైను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఎత్తి వినొచ్చు కూడా. లైన్‌మ్యాన్‌కు చాయ్ తాగిస్తే చాలు, ఏ కాగితంలోనూ ఎక్కకుండా అతికి పోయేవాడు.

"అవే ఈ పరేషాన్‌కు కారణం" అన్నాడు. "ఆటో సీదా మీ ఇంటికి రాకుంట మధ్యల సందుల దూరి, గోడకు తాకి వాపస్ వస్తుంది. మాటలకైతే తేడా తెల్వది. ఇంటర్నెట్‌కు కష్టం. అన్నీ పీకాలె."

ఒకటి వంటింట్లో దొరికింది. పప్పు కలుపుతూ కాచిగూడలోని చెల్లెలితో మాట్లాడడానికి అమ్మ పెట్టించుకున్నది. రెండోది మేడ మీది గదిలో దొరికింది. రెండూ పీకాడు. వేగం కొంచెం పెరిగింది. మీటరు మాత్రం ఇంకో కొమ్మ ఉందనే చెప్పింది, అది కూడా ఇంట్లోనే, ఎనిమిది తొమ్మిది మీటర్ల లోపలే.

"లేదు" అన్నాడు బాపు. ఆయనను ఎవరూ అడగలేదు.

బాపు రోజూ వరండాలో కూర్చుని పేపరు చదువుతాడు. ఆ రోజు మాత్రం కుర్చీని ముందుగదిలోకి లాక్కొచ్చి, తన మందుల అల్మారాకు వీపు ఆనించి కూర్చున్నాడు. టెక్నీషియన్ గదులన్నీ వెతికి, చివరికి చేతులు కట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"సార్, జర అల్మారా జరిపితే..."

"జరపొద్దు. హోమియో మందులు. ఊపితే పవర్ పెరుగుతది."

"పెరిగితే మంచిదే గద సార్?"

"ముప్పై పవర్ ఇయ్యాల్సినోనికి రెండొందల పవర్ పడితే ఏమయితదో ఎర్కనా? నువ్వు జిమ్మెదారా?"

టెక్నీషియన్ రెండడుగులు వెనక్కి వేశాడు. పైగా అప్పటికే తన నడుం నొప్పికి బాపు దగ్గర నాలుగు గోళీలు వేసుకుని ఉన్నాడు. మందు తిన్న నోటితో ఎదురు మాట్లాడలేకపోయాడు.

బాపు ఊరుకోలేదు, మాకు దారులు కూడా చూపించాడు. బాత్రూము గోడ చూడమన్నాడు, చూశాం. అటక ఎక్కమన్నాడు, ఎక్కాం. ఎలుకలు కొరికి ఉంటాయన్నాడు. ఎలుకలు వైరు కొరుకుతాయి గానీ కొత్తది అతకవు కదా అంటే, "మీకు తెల్వది, చిక్కడపల్లి ఎలుకలు" అన్నాడు. గురువారం సాయంత్రానికి, "పక్కింటోళ్లు గుంజుకున్నరేమో. ఆ కాలంల ఎవరు చూసిన్రు?" అని గోడకేసి చూశాడు.

నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, అడ్రసు దొరికితే చాలు. తిన్నగా పక్కింటికి వెళ్లి, మా వైరు మీద మీ వైరు ఎందుకు పెట్టారని పక్కింటి అక్కను నిలదీశాను. ఆమె నోరు తెరుచుకుని నన్నే చూసింది.

"మాకు ఫోనే లేకుండె గదా! మా చుట్టాలకు మీ నంబరే ఇస్తుంటిమి. ఎవరన్న చేస్తే నువ్వే వచ్చి పిలుస్తుంటివి. మరిచినవా?"

మరిచిపోలేదు. ఆ మాట నిజమని తెలిసీ, తప్పయిందని అనకుండానే మెట్లు దిగి వచ్చేశాను. ఆమె తలుపు మెల్లగా వేసుకుంది. ధడాలున వేసినా బాగుండేది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే బాపు తల పైకెత్తలేదు. పేపరు తిరగేసి పట్టుకున్నాడు.

శుక్రవారం రెండు గంటలకు కూడా వేగం అంతంతమాత్రమే. టెక్నీషియన్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నేను లాప్‌టాప్ తెరిచి ఆఫీసుకు సందేశం రాశాను. 'లైను కుదరలేదు, సోమవారం నుంచి వస్తాను.' పైకే చదివాను. చదివి బాపుతో అన్నాను, "ఎల్లుండి దాటితే నేను పొద్దుగాలనే అన్నం వండి మూత పెట్టిపోత. ఒక్కనివే వడ్డించుకొని తిను. మందులు నువ్వే యాదుంచుకో."

బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత లేచి, బనీను జేబులోంచి తాళంచెవి తీశాడు. కుర్చీ పక్కకు జరిపి అల్మారా తెరిచాడు. రెండో అరలోని సీసాలు ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చాడు. ఆ సీసాల వెనక పేపరు పరదా ఉంది. దాని వెనక ఆకుపచ్చ ఫోను ఉంది.

టెక్నీషియన్ దాన్ని బయటికి తీసి, తిప్పి చూశాడు. మాట్లాడే వైపు రంధ్రాల్లో దూది కూరి ఉంది, ఇటువైపు ఊపిరి అటువైపు వినపడకుండా. మందుసీసాల్లో పెట్టే దూదే.

"వారెవ్వా సార్!" అన్నాడు ఆయన, మనస్ఫూర్తిగా. "గింత పక్కా పని నేనెక్కడ చూడలే."

నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. ఈ ఇంట్లో ఆ ఫోను అవసరం ఎవరి గురించి పడిందో నాకు తెలుసు. నారాయణగూడలో చదువు ముగించి ఇంట్లో ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం అమ్మ కునుకు తీసే వేళ, హాల్లో తలుపు చాటున కూర్చుని ఒక అబ్బాయితో మాట్లాడేదాన్ని. ఆ వేళకే బాపు ఆఫీసు నుంచి భోజనానికి వచ్చి, తిని, ముందుగదిలో అల్మారాలోకి తల దూర్చి మందు వెతికేవాడు. ఎంతకీ దొరికేది కాదు. దూది పెట్టక ముందు కాబోలు, మా మాటల మధ్య ఎవరో నిట్టూర్చినట్టు వినపడితే, క్రాస్‌టాక్, వేరే లైను వచ్చి కలిసింది అనుకునేవాళ్లం, పాపం ఎవరికో కష్టం వచ్చిందని జాలిపడేవాళ్లం. మేమిద్దరం బాపుకు 'వార్డెన్' అని పేరు పెట్టుకుని, ఆయన నడక మీద, మీసం మీద ఎన్ని మాటలన్నామో! అన్నీ ఇంటి పెద్దమనిషి చెవిలోనే అన్నామన్నమాట.

టెక్నీషియన్ ఆ కొమ్మను కత్తిరించాడు. వేగం ఒక్కసారిగా లేచి నిలబడింది. మూడు గంటలకు ఆఫీసువాళ్లు లైను చూసుకుని, సరిపోతుంది, ఇంట్లోనే చేయండి అన్నారు. నేను రాసిపెట్టుకున్న సందేశం చెరిపేశాను. టెక్నీషియన్ బాపు కాళ్లకు దండం పెట్టి, ఇంకో నాలుగు గోళీలు తీసుకుని వెళ్లిపోయాడు. నేను పక్కింటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి, తప్పు నాదేనని చెప్పి వచ్చాను. ఇక మిగిలింది బాపుతో తేల్చుకోవడం.

చాయ్ పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్ని దినాలు విన్నవు?"

"ఓ నెల."

"సిగ్గనిపించలేదా?"

"అనిపించింది. అందుకే దూది పెట్టిన."

"నవ్వులాట కాదు బాపు. నాకు మస్తు కోపమొస్తుంది. నెల తర్వాత ఎందుకు మానేసినవు?"

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఒకనాడు నువ్వు ఆ పిలగానితో అన్నవు. 'మా బాపుకు చెప్పే ధైర్యం లేదు, చెప్పకుంట నీ ఎంబడి వచ్చే ధైర్యం గూడ లేదు' అని. ఫోను పెట్టేసిన. మళ్ల ఎత్తలే. ఇంక వినేదేముంది?"

ఆ తర్వాత ఆరు నెలలకు కదా, ఆ అబ్బాయినే, ఇప్పటి మా ఆయననే, చేసుకుంటానని నేను నోరు తెరిచింది! అద్దం ముందు నిలబడి పది రోజులు తయారు చేసుకున్న ప్రసంగం అది. బాపు మొత్తం విని, 'సరే' అన్నాడు. అంతే. నా మాటల బలానికి ఆయన చిత్తయ్యాడని చుట్టాల్లో ప్రతి పెళ్లిలోనూ గొప్పలు చెప్పుకున్నాను. పిన్నమ్మల పిల్లలకు ప్రేమ సంగతులొస్తే నా దగ్గరికే పంపేవారు, ఎలా మాట్లాడాలో నేర్పించమని. నేర్పించాను కూడా.

"అన్నీ తెలిసి ఆర్నెల్లు ఊకున్నవా? నేను రోజూ చచ్చి బతికిన. అన్నం సయించలే. నువ్వే ఒక మాట అంటే పోయేది గద!"

"నేనంటే నువ్వు దొరికిపోయినట్టయితది బిడ్డా. నువ్వే వచ్చి చెప్తే, చెప్పినట్టయితది."

"నేనెంత భయపడ్డనో ఎర్కనా నీకు?"

"ఎర్కనే." ఆయన కిటికీ వైపు చూశాడు. "నేను గూడ భయపడ్డ. వాని ఎంబడి రానంటివి గని, నీకు ఇరవై రెండేండ్లు. మాట ఎన్ని దినాలు నిలుస్తదో ఎవరు చెప్పాలె? ఫోను ఎత్తుడు బంద్ చేసినంక గూడ మధ్యాహ్నం మధ్యాహ్నం ఇంటికొస్తుంటి. అన్నం కోసం కాదు. గడప కాడ నీ చెప్పులున్నయా లేవా చూసేతందుకు."

నాకు కోపం వస్తోందని చెప్పాను కదా, అది ఎటు పోయిందో తెలియలేదు. లేచి, ఆయన చల్లారిన చాయ్ వేడిచేసి తెచ్చి ముందు పెట్టాను. ఆ ఆరు నెలలూ ఈ ఇంట్లో ధైర్యం కూడగట్టుకుంటున్నది నేనొక్కదాన్నే అని ఇన్నాళ్లూ అనుకున్నాను.