మర్నాటి పొద్దున ట్యూర్

పొద్దున్నే కాఫీ పెట్టడానికి ముందు గున్వోర్ ఒక బర్చ్ కట్టెను బల్లకు దిగ్గొట్టిన రెండు మేకుల మధ్య ఇరికించి, ఎడమ చేత్తో పొరలు పొరలుగా చెక్కుతుంది. ఆ చెక్కులతోనే పొయ్యి రాజుకుంటుంది. చెక్కు తెగకుండా ఉంగరాలు తిరుగుతూ వచ్చిందంటే కత్తి పదును మీద ఉన్నట్టు. మధ్యలో తెగిందా, ఆ రోజు కాఫీకన్నా సానరాయి ముందు. పొయ్యి తేలిగ్గా అంటుకోవడానికి భర్త స్వైనుంగ్ అంగడిలో కొనుక్కొచ్చిన మైనం ముక్కల పెట్టె అలమారలో అలాగే పడి ఉంది. మూత కూడా తీయలేదు.

టెలెమార్క్‌లోని ఆ లోయలో హేగ్లీ వాళ్ల కత్తి అంటే మూడు తరాల మాట. గున్వోర్ తాత చేశాడు, తండ్రి చేశాడు, తర్వాత ఆమె చేసింది. వాళ్ల ముద్ర చిన్నది: రెండు వంపు గీతలు, వాటి కింద ఒక చుక్క. ఆ ముద్ర ఉన్న కత్తిని నడుముకు కట్టుకుని పెళ్లిళ్లకు వెళ్లిన మగవాళ్లు లోయలో ఇప్పటికీ ఉన్నారు.

యాభై నాలుగో ఏట, నవంబరులో, కట్టెలు చీల్చే యంత్రంలో ఆమె కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆ చలికాలమంతా లోయలో ఒకటే హాస్యం. ఫెన్రిర్ అనే తోడేలును బంధించాలని దేవతలు పట్టులాంటి తాడు తెచ్చారట. అందులో ఏదో మోసముందని తోడేలు అనుమానించింది. మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెడితేనే కట్టనిస్తానంది. అందరూ వెనక్కి తగ్గితే ట్యూర్ ఒక్కడే ముందుకొచ్చి తన కుడి చెయ్యి పెట్టాడు. తాడు బిగిసింది, చెయ్యి పోయింది. ఆ కథ తెలియని పిల్లవాడు కూడా అక్కడ ఉండడు. అందుకే గున్వోర్ అంగడికి వెళితే, "జరగండర్రా, ట్యూర్ వస్తున్నాడు!" అనేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం ముద్రను డ్రాయరులోంచి తీసి చూసుకునేది.

చూసుకోవడానికి కారణం ఉంది. లోయలో కత్తుల పనివాళ్లకు ఒక సంఘం ఉంది. ఏటా సెప్టెంబరు సంతలో వాళ్లు కత్తులను పరీక్షిస్తారు. అలుగు, అంటే కోసే రేకు, కమ్మరి కొట్టింది కావచ్చు గానీ, పిడి, ఒర మాత్రం పనివాడు సొంతంగా చేసి తీరాలి. వరసగా రెండేళ్లు ఒక్క కత్తి కూడా నెగ్గని ముద్రను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అందులో ఉన్నవన్నీ చనిపోయినవాళ్ల ముద్రలే. గున్వోర్‌కు మొదటి సెప్టెంబరు ఆసుపత్రుల చుట్టూ తిరగడంలోనే పోయింది. ఇక మిగిలింది రెండోది.

ఆ రెండో ఏడు మార్చిలో సంఘం పెద్ద అస్లాక్ ఇంటికొచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. బూట్లకంటిన మంచు దులుపుకుని కూర్చున్నాడు.

"చూడు, హేగ్లీ పిల్లా, మావాళ్లతో మాట్లాడాను. ఒర మీద బొమ్మ నువ్వు గీసివ్వు. కుట్టడం వాళ్లు కుడతారు. ముద్ర నీదే వేద్దాం. ఎవరూ నోరెత్తరు."

"నియమం ఏమని రాశారు, అస్లాక్ గారూ?"

"నీకు తెలీదా ఏంటి? సొంత చేత్తో చేసినది అని."

"చేత్తో అని రాశారు. చేతులతో అని రాయలేదు కదా?" గున్వోర్ ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది. "ఒకటే అడిగారు. ఉంది."

అస్లాక్ ఆ చేతిని కాసేపు చూశాడు. "మీ తాతా ఇంతే. మొండి ఘటం. సరే. కానీ జాలిపడి మార్కులు వేస్తాననుకోకు."

"వేస్తే ఆ కాగితం మీ మొహానే కొడతా. తాగండి, కాఫీ చల్లారుతోంది."

పిడి లొంగింది. మెలికల బర్చ్ చెక్కను బల్లకున్న మర పట్టులో బిగించి ఆకురాయితో అరగదీసింది. మునుపు వారంలో అయ్యే పనికి అయిదు వారాలు పట్టింది. చెక్కకూ అలుగుకూ మధ్య రెయిన్‌డీర్ కొమ్ముతో సన్నటి పట్టీ వేసింది.

లొంగనిది ఒర. తోలును నానబెట్టి, కత్తిని లోపల ఉంచి, వెనకవైపు రెండు దబ్బనాలతో కుడతారు. ఒకే రంధ్రంలోకి ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి. తోలు ఆరేలోగా కుట్టడం అయిపోవాలి. ఒక దబ్బనం లాగి, వదిలి, రెండోది వెతికి పట్టుకునేసరికి తోలు సగంలోనే బిర్రబిగుసుకుపోయింది. కుట్టు వంకర తిరిగింది. స్వైనుంగ్ చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"ఆ ఒక్క కొస పట్టుకుంటానే. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తాగా. పో, కోళ్లకు గింజలెయ్యి."

రెండో ఒర మీద ఫెన్రిర్‌ను చెక్కింది. తెరిచిన నోరు, కోరల మధ్య చెయ్యి. ఆరిపోకుండా తడిగుడ్డ చుట్టుకుంటూ ఆరు గంటలు కుట్టింది. కత్తిని లోపల పెట్టేముందు రొట్టెలు చుట్టే కాగితం అలుగుకు బిగుతుగా చుట్టాలి. ఒంటి చేత్తో కాగితం నిలవలేదు. కొవ్వు రాసి సరిపెట్టింది. తడితోలూ ఇనుమూ అంతసేపు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. పొద్దునకి తోలు మీద నల్లటి మరక తేలింది, సరిగ్గా తోడేలు దవడ మీద.

"బాగుందిగా, నెత్తురు తాగినట్టు," అన్నాడు స్వైనుంగ్. నవ్వించాలనే అన్నాడు.

ఆమె ఒరను నిలువునా రెండుగా కోసి చెత్తబుట్టలో పడేసింది. అప్పటికి ఆగస్టు వచ్చేసింది. రెండు రోజులు పనిగదిలోకి వెళ్లలేదు.

మూడోరోజు పొద్దున ప్యాంటు వేసుకుని, బెల్టు కొసను పళ్లతో పట్టి, నడుమును తలుపు అంచుకు ఆనించి లాగుతూ గున్వోర్ మధ్యలో ఆగిపోయింది. చెయ్యి పోయిందని చెప్పి కథ ముగిస్తారు. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నా అక్కడితోనే సరి. మర్నాడు పొద్దున ట్యూర్ లేచి నడికట్టు ఎలా బిగించుకున్నాడో ఎవరూ చెప్పలేదు. బిగించుకోకుండా అయితే ఉండడు కదా. దేవతల సభకు వెళ్లాలి.

"స్వైనుంగ్! ఇటు రా. నేను బెల్టు పెట్టుకుంటుంటే నా మొహం ఎలా ఉంటుంది?"

"భయంగా ఉంటుంది."

"సరదాగా కాదు, నిజం చెప్పు."

"నిజమే చెప్తున్నా. కనుబొమలు ముడిపడి, ముక్కుపుటాలు ఎగరేసి... మా అమ్మ మీద కోపమొచ్చినప్పుడు పెట్టేదానివే, ఆ మొహం."

ఆ మొహాన్నే ట్యూర్‌కు పెట్టింది. సుత్తి పని లేకుండా, మెత్తటి తోలు మీద ఎముక ముక్కతో నొక్కి నొక్కి బొమ్మ తీర్చింది. పళ్లతో నడికట్టు లాగుతున్న గడ్డపు మనిషి. కింద, ఒర కొసన, కట్టేసి ఉన్న తోడేలు, బొటనవేలంత.

ఇక కుట్టు. రెండు దబ్బనాలు ఎందుకు? ఒకటే పైదాకా వెళ్లి, వదిలేసిన సందుల్ని నింపుకుంటూ కిందికి తిరిగివస్తే? వదలడం, వెతకడం ఉండదు. రంధ్రాలు ముందురోజే పొడిచి పెట్టుకుంది. కాగితాన్ని అలుగుకు చుట్టి, దారం ఒక కొస పళ్లమధ్య పెట్టుకుని బిగించి కట్టింది. ఒరను మోకాళ్ల మధ్య చెక్క పట్టులో నిలబెట్టి, పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండుకి ముడి వేసింది. తోలు ఇంకా చల్లగా, చెమ్మగా ఉంది.

సంతలో అస్లాక్ ఆమె కత్తిని చూసినంతసేపు ఇంకెవరి కత్తినీ చూడలేదు. ఒరలోకి నెట్టాడు. టక్‌మంది. తలకిందులు చేసి ఊపాడు. కత్తి కదల్లేదు. కళ్లద్దాలు మార్చుకుని కుట్టు మీదికి వంగాడు.

"ఇది మన కుట్టు కాదు."

"కాదు."

"గట్టిదేనా?"

"లాగండి. మీ దగ్గర పట్టకారుందిగా."

ముసలాయన నిజంగానే పట్టకారు తీశాడు. స్వైనుంగ్ మొహం తిప్పుకున్నాడు. దారం పట్టి లాగితే తోలు వంగింది గానీ కుట్టు జారలేదు. ఇంకోచోట లాగాడు. అక్కడా అంతే.

"మరి చెయ్యేది? తోడేలు నోట్లో కనబడదేం?"

"అది నిన్నటి సంగతి, అస్లాక్ గారూ. ఇది మర్నాడు."

ఆయన బొమ్మను మళ్లీ చూశాడు. గడ్డం కింద ఏదో కదిలింది గానీ నవ్వు బయటికి రాలేదు. పిడి దగ్గరున్న కొమ్ము పట్టీని గోటితో గీకాడు.

"ఇక్కడ వెంట్రుకంత సందుంది. రెండు మార్కులు కోస్తున్నా."

"ఒకటి కొయ్యండి. ఒకవైపేగా!"

"రెండే. నెగ్గింది. ముద్ర వేసుకో."

ముద్ర వేయాలంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో సుత్తి కొట్టాలి. స్వైనుంగ్ అలవాటుగా ఒకడుగు ముందుకేసి, మళ్లీ తనే ఆగిపోయాడు. గున్వోర్ సంచిలోంచి మర బిగింపు ఒకటి తీసింది. తోలు మీద తడివేలు రాసి, ముద్రను దాని మీద నిలబెట్టి, రెంటినీ బిగింపులో ఇరికించి, మర తిప్పడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు మెడలు సాచి దగ్గరికి జరిగారు. చివరి చుట్టు దగ్గర మర మొరాయిస్తే మోచేత్తో నెట్టింది. తీసి చూస్తే రెండు గీతలు, ఒక చుక్క.

ఇప్పుడు గున్వోర్‌కు అరవై ఒకటి. ఏడాదికి నాలుగు కత్తులు చేస్తుంది. సెప్టెంబరు సంతలో అస్లాక్ కుర్చీలో ఇప్పుడు ఆమే కూర్చుంటుంది. మార్కులు వేయడంలో ఆయనకంటే పిసినారి అని లోయలో చెప్పుకుంటారు.