పన్నెండు మాటల పలక

మొగుడు పోయినదాన్ని కాబట్టి నా బాధేమిటో ఊరందరికీ తెలుసనుకుంటారు. అది కాదు. ఆ బరువు నలుగురూ పంచుకున్నారు. ఇంకొకటుంది. నాలుగేళ్లుగా దాన్ని ఒక్కదాన్నే మోస్తున్నాను. అన్నం ముందు కూర్చుంటే అదీ వచ్చి కూర్చుంటుంది. నాకు సంతకం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే చర్చిలో పాఠం చెప్పే టీచరమ్మ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమ్మా, నన్ను మంచిదాన్ని చేయకు అన్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం.

మాది మార్కాపురం పక్కన పలకల పని చేసే ఊరు. మా ఆయన, యోహాను ఒకే షెడ్డులో ఎదురెదురుగా కూర్చుని పలకలు కోశారు. ఆ దుమ్మే ఇద్దరి ఊపిరితిత్తుల్లోకీ పోయింది. యోహాను నాకు మరిది వరస. అతనికి మా ఆయనకు లేని విద్య ఒకటుంది. విరిగిన పలక ముక్కల మీద బలపంతో చిలకలు, కొంగలు గీసేవాడు. తేడా అంతే. అంతేనా? ఆ తేడాకు నేనేం చేశానో చెప్పడానికే కూర్చున్నాను.

మా ఆయన మంచాన పడ్డప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగాను. పదో ఇరవయ్యో చేతిలో పెట్టారు. పెట్టినవాళ్లు నా ముఖం చూశారు, నేను వాళ్ల ముఖం చూశాను. ఊపిరి ఆడనివాళ్లకు ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషన్ కొనేంత కూడలేదు. ఆయన పోయాడు.

రెండేళ్లకు యోహాను మంచాన పడ్డాడు. అప్పుడు హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పలకల మీద బొమ్మలు ఫోన్లో ఫోటోలు తీసింది. వీటిని కంప్యూటర్లో పెడితే పై దేశాలవాళ్లు కొంటారు, సాయం కింద డబ్బు ఇస్తారు అంది. పలకలు మాత్రం ఇక్కడే ఉంటాయట. ఇక వాళ్లు కొనేదేమిటని అడిగాను. యోహాను దగ్గుతూనే నవ్వాడు. "చిలక మనింట్లోనే ఉంటది వదినా. ఇది మాది అని చెప్పుకునే హక్కు వాళ్లు కొంటారంట. మనకేం పోయె!"

నిజంగానే కొన్నారు. ఆ డబ్బు నోట్లు కాదు, బ్యాంకులో పడేదీ కాదు. క్రిప్టో అంటారట. నేరుగా యోహాను ఫోన్లోకే వచ్చింది. మధ్యలో ఎవరూ తినకూడదని అట్లా పెట్టారని ఆ అమ్మాయి చెప్పింది. దానికి తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. ఫోన్ పోయినా ఆ మాటలుంటే డబ్బు తెరుచుకుంటుంది. అవి పోతే అడగడానికి మేనేజరు ఉండడు, ఆఫీసు ఉండదు. రెండు కాగితాల మీద రాసి దాచుకోండి, నేను కూడా చూడకూడదు అని ఆమె అటు తిరిగి నిలబడింది.

కాగితాన్ని చెదలు తింటాయన్నాడు యోహాను. పలకను ఏ పురుగూ తినదన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మ గీసినట్టే ఒక్కో అక్షరం చూసి బలపంతో దించాడు. మేకుతో గీకి ఉంటే పోయేది కాదు. కానీ మంచి పలకను గీకి పాడుచేయడానికి మాలో ఎవరికి చేతులొస్తాయి? గీత పడ్డ పలకను షెడ్డులో పక్కన పారేస్తారు. ఆ అలవాటే ఆ రోజూ చేతిని ఆపింది. వాళ్ల రేకుల ఇల్లు కురుస్తుంది, మాది స్లాబు. అందుకని ఆ పలకను నా దగ్గర పెట్టారు. మా ఆయన తువ్వాలులో చుట్టి ట్రంకుపెట్టె మీద ఉంచాను.

మిషన్‌కు సరిపడా కూడిందనుకున్న వారంలోనే వాళ్ల ఫోన్ నీళ్ల డ్రమ్ములో పడి చచ్చిపోయింది. యోహాను పెళ్లాం సుగుణ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, పలక ఇయ్యి. రేపు ఆ పిల్ల వచ్చి కొత్త ఫోన్లో ఎక్కిస్తదంట."

"మిషన్‌కి సరిపోతాయా?"

"సరిపోతాయంట అక్కా. దేవుడు చూసినాడు మమ్మల్ని." కళ్లు తుడుచుకుంది. "బావకి లేకపాయె ఆ యోగం."

జాలితోనే అంది. నాకు తెలుసు. ఆ మాటకు ఇప్పటికీ వంక పెట్టలేను. కానీ పలక కోసం లోపలికి పోతున్నా ఆ మాట నన్ను వదల్లేదు. దేవుడు వీళ్లను చూశాడు, మమ్మల్ని చూడలేదు, బొమ్మ గీయడం రాని మనిషి ఊపిరి ఊపిరి కాదా, ముఖం చూసి ఇచ్చినవాళ్లు ఇరవై రూపాయలే ఎందుకిచ్చారు, ముఖమే చూడనివాళ్లు ఇంత ఎందుకిచ్చారు అని ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. తువ్వాలు విప్పాను. దాంతోనే ఒక్కసారి తుడిచాను. సగం పోయింది.

సగం ఇంకా ఉంది. వినండి, అక్కడ ఆగవచ్చు. చేయి తగిలిందని చెప్పవచ్చు. నేను ఆ సగమూ తుడిచాను. మొదటిది కోపమని సర్దిచెప్పుకున్నాను. రెండోదానికి ఏ పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

బయటికి వచ్చి నల్లటి పలక చేతికిచ్చాను. "అయ్యో సుగుణా! నిన్న మీ కీర్తన ఈడ పలకలతో ఆడుకున్నది. నేను చూసుకోలేదే."

కీర్తన వాళ్ల కూతురు. అప్పుడు ఆరేళ్లు. సగం పూటలు నా ఇంట్లోనే తినేది. సుగుణ ఆ పిల్లను నా వాకిట్లోనే చీపురుతో కొట్టింది. "నేను కాదు, పెద్దమ్మా చెప్పు, నేను కాదు" అని నావైపు చూసింది. నేను నోరు విప్పలేదు. ఇంకో నాలుగు దెబ్బలు పడ్డాక "నేనే" అంది. ఆ మాటతో దెబ్బలు ఆగాయి. నేను దొరకలేదని నాకు ఊపిరి వచ్చింది. అవును, వచ్చింది.

యోహాను తలుచుకుని తలుచుకుని ఆ మాటలు మళ్లీ మళ్లీ గీశాడు. హైదరాబాదు అమ్మాయి అన్నీ కొట్టి చూసింది. తెరుచుకోలేదు. కొంగ కాలు మరిచిపోని మనిషికి ఆ అక్షరాలు గుర్తు రాలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని "చెరిగేదాని మీద రాసింది నేనే కదా తల్లీ" అనేవాడు. క్రిస్మస్ దాకా ఉండలేదు. మిషన్ ఉంటే ఎన్నాళ్లు బతికేవాడు? ఆరు నెలలో, రెండేళ్లో. నాకు తెలియదు. ఎంతైనా అది అతనిది.

ఆ డబ్బు ఇప్పటికీ అక్కడే ఉంది. ఎంత ఉందో కంప్యూటర్లో ఎవరైనా చూడవచ్చు, ఎవరూ తీయలేరు. ఆ చిలకల మీది హక్కు పై దేశాల్లో చేతులు మారినప్పుడల్లా ఇంకొంచెం వచ్చి పడుతుందట. ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు. తీసుకోవలసినవాడు మట్టిలో ఉన్నాడు.

కీర్తనకు ఇప్పుడు పదేళ్లు. బడిలో బోర్డు తుడవమంటే చేతులు వెనక్కి పెట్టుకుంటుందట. సార్ తిట్టినా తుడవదట. "దీని మొండితనం చూడక్కా" అని సుగుణ నవ్వుతూ నాతోనే చెప్పింది. ఆవాళ్టి నుంచి నాకు అన్నం దిగలేదు.

కీర్తనా, నువ్వు ఆ పలకను ముట్టుకోలేదు. చెరిపింది నేను. నిన్ను కొడుతుంటే చూసింది నేను. మీ నాయన పోవడంలో నీ చేయి లేదు, నాది ఉంది.

ఈ కాగితం ముందు సుగుణకు చదివి వినిపించమన్నాను. చీపురు తీసుకుని వస్తుందో, మళ్లీ నా గడప తొక్కదో, ఆమె ఇష్టం. క్షమించమని అడగను. అడిగితే ఆ పిల్ల మీద ఇంకో పని పెట్టినట్టే.

టీచరమ్మ రాస్తూ రాస్తూ తలెత్తి నావైపు చూసింది. నాకు ఆకలి వేస్తోంది. ఎన్నాళ్లకో. సిగ్గుగా ఉంది, కానీ వేస్తోంది.