పొట్లాల్లోకి పోయిన నవల

మా ఆయనకి నరసరావుపేటలో కిరాణా కొట్టుంది. ధనియాలు, ఎండుమిరపకాయలు ఇప్పటికీ పాత పుస్తకాల కాగితాల్లోనే పొట్లాలు కడతాడు. మొన్న మంచం మీద పెట్టిన నా నవల కనపడలేదు. మొగుణ్ణి వదిలి గడప దాటిన ఆడమనిషి కథ అది. కొట్లోకి వెళ్లి చూస్తే సగం పేజీలు అప్పటికే పొట్లాలైపోయాయి.

“అది నా పుస్తకం,” అన్నా.

“ఈ కొంపలో నీదంటూ ఏముందే?” అన్నాడు, పొట్లానికి దారం చుడుతూ. “చివర ఏమైద్దో నేను చెబుతా విను. బుద్ధొచ్చి ఇంటికే వచ్చుద్ది. ఇంకెక్కడికి పోద్ది?”

సరుకుల కోసం నిలబడ్డ వాళ్లంతా నవ్వారు.

ఆ నవల నేను ముందురోజే చివరిదాకా చదివేశా. ఆమె తిరిగి రాలేదు. ఆ సంగతి ఈయనకి నోటితో చెప్పదలుచుకోలేదు.