సర్దుబాటు బాబాయి స్క్రిప్టు

మా ఆఫీసులో సర్దుబాటు బాబాయికి ఒకటే జబ్బు: ఎవరు ఏ తప్పు కొట్టినా దాన్ని ఒప్పుగా తీసుకోవడం. మేము తలో ముక్కా రాసిన ప్రోగ్రాములన్నిటినీ కలిపి ఒక్క సరుకుగా తయారుచేసే బిల్డ్ స్క్రిప్టు ఆయన చేతిలో ఉండేది. దానికి పని పురమాయించేటప్పుడు ‘క్లీన్’, ‘డీబగ్’ అంటూ చివర కొట్టే మాటలే ఆప్షన్లు. ‘క్లీన్’ని మేము పదకొండు రకాలుగా తప్పు కొట్టేవాళ్లం. పదకొండూ చెల్లేవి.

చేరిన వారంలోనే నేను ‘క్లెన్’ అని కొట్టాను. తెర మీద జవాబొచ్చింది: "క్లీన్ కాబోలు. వేలు జారినట్టుంది. పర్లేదు, కానిస్తున్నా."

పదేళ్ల కిందట రద్దయిన ఆప్షన్ కొడితే మర్యాద ఇంకా ఎక్కువ. "ఇది రిటైరైంది. ఇకమీదట ‘ఫాస్ట్’ అని కొట్టండి. ఈసారికి పెద్దాయన చేతే చేయిస్తున్నా."

"ఇవన్నీ తీసెయ్యొచ్చుగా బాబాయ్?"

"అలవాటుపడ్డ చేతులమ్మా. ఉన్నట్టుండి తలుపేస్తే ఎలా?"

కొత్తగా వచ్చిన మేనేజరుకు ఇదంతా ఒళ్లుమంట. అందరి ముందూ బాబాయిని నిలబెట్టి కడిగేశాడు.

"ఇది స్క్రిప్టా, సత్రమా? అక్షరం తేడా వస్తే ఎర్రగా తిట్టి ఆగిపోవాలి! శుక్రవారం మన సరుకు కొనేవాళ్లు వస్తున్నారు. ఈలోగా మార్చెయ్యండి!"

"అలాగేనండి" అన్నాడు బాబాయి. అన్నట్టే మార్చాడు. గురువారం నా ‘క్లెన్’ చెల్లలేదు. తెరంతా ఎర్రబడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

శుక్రవారం కొనేవాళ్లు ఆరుగురు వచ్చి కూర్చున్నారు. ఒప్పందం కుదరకపోతే మాలో సగంమందిమి ఇంటికే. మేనేజరు పెద్ద తెర ముందు నిలబడి, ‘రిలీజ్’ అని కొట్టబోయి టకటకా ‘రిలాయెస్’ అని కొట్టాడు.

స్క్రిప్టు కిక్కురుమనకుండా పని పూర్తిచేసింది.

"చూశారా?" అన్నాడు మేనేజరు కాలరు సవరించుకుంటూ. "అక్షరం తేడా వస్తే ఊరుకోదు మా స్క్రిప్టు!"

ఒప్పందం కుదిరింది. నేను ఉండబట్టలేక స్క్రిప్టు తెరిచి చూశాను. సర్దుబాట్లన్నీ తీసేసి ఉన్నాయి, ఒక్క ‘రిలాయెస్’ తప్ప. దాని పక్కన బాబాయి రాసుకున్న గమనిక: "మేనేజరుగారు కంగారుపడితే ఇలాగే కొడతారు. జనం ముందు తెర మీద చెప్పకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు నేనే చెప్తాను." తేదీ చూస్తే, ఆయన తిట్లు తిన్నరోజే!

పరుగెత్తుకెళ్లి అడిగాను. "చెప్పారా బాబాయ్?"

"ఎక్కడమ్మా!" అన్నాడు బాబాయి దిగులుగా. "ఒంటరిగా దొరికితేగా! ఒప్పందం కుదిరినప్పట్నుంచీ అందరికీ స్పెల్లింగు మీద క్లాసు పీకుతున్నారు."